ఆఖరి ఇంట్లో వినిపించిన గొంతు

ఆ సరస్సు ఒడ్డున ఉన్న ఆఖరి ఇంటికి మంచి పేరు లేదని మొదట చెప్పింది తమ్ముడే.

"అక్కా, ఆ ఇల్లు వద్దు," అన్నాడు ఫోన్లో, గొంతు బాగా తగ్గించి. "అక్కడ ఉండొచ్చినాయన చెప్పాడు. చీకటి పడ్డాక నీళ్ళలోంచి ఎవరో నడిచొస్తారట. పడవలు కట్టే చెక్కల మీద తడి అడుగులు... గుమ్మం దాకా ఉంటాయట. వెనక్కి వెళ్ళిన గుర్తులు మాత్రం ఉండవట."

ఆమె నవ్వింది. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు ఆమె. ఇరవై రెండేళ్ళుగా చావునీ పుట్టుకనీ దగ్గరుండి చూసిన మనిషి. వార్డులో అందరూ ఆమెని 'గంట సిస్టర్' అంటారు. గడియారం తప్పినా ఆవిడ తప్పదని. అలాంటావిడ దెయ్యానికి జడుస్తుందా?

కానీ తమ్ముడు ఇంకో మాట అన్నాడు. "నీ సంగతి కాదక్కా. పిల్లలు! చిన్నది అసలే నిద్రలో ఉలిక్కిపడుతోందని బుజ్జి చెప్పలేదూ?"

బుజ్జి వాళ్ళ చెల్లెలు. చిన్నది ఆ చెల్లెలి కూతురు, ఆరేళ్ళది. దాని పేరెత్తేసరికి ఆమె మెత్తబడిపోయింది.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడి సంసారం, చెల్లెలి సంసారం... ఆ రెండూ తనవే అనుకుంది. వాళ్ళందరినీ నాలుగు రోజులు ఒక్క కప్పు కింద చూసుకోవాలని మూడు నెలల నుంచీ ఆరాటపడింది. కొండల నడుమ దానంతటది పుట్టిన సరస్సు, ఒడ్డున చెక్క వసారా ఉన్న ఇల్లు. ఫోటోలు పెద్దవి చేసి మరీ చూసింది. ఇంటాయనకి ఫోన్ చేసి పరుపులెన్ని, గిన్నెలెన్ని, మెట్లకి పట్టుకోడానికి కమ్మీ ఉందా అని ఆయన విసుక్కునేదాకా అడిగింది. ఎవరు ఏ గదిలో పడుకోవాలో, పిల్లలు ఎంత లోతు దాకా నీళ్ళలో దిగొచ్చో, అన్నీ కాగితం మీద రాసి అందరికీ పంపింది.

"సరేరా, మానేద్దాం," అంది చివరికి.

"ఇంటాయనతో నేను మాట్లాడతాలే. నువ్వేం ఫోన్ చెయ్యకు," అన్నాడు తమ్ముడు.

పాపం, అక్కకి శ్రమెందుకని అన్నాడనుకుంది.

సెలవు మాత్రం మంజూరైపోయింది. మొదటిరోజు ఇల్లు సర్దింది. రెండోరోజు సర్దిందే మళ్ళీ సర్దింది. అప్పుడు తట్టింది... తనే ఒక రాత్రి అక్కడుండి చూసొస్తే? ఏమీ లేదని తేలితే వచ్చే ఏడు పిల్లల్ని నిశ్చింతగా తీసుకెళ్ళొచ్చు కదా!

మునుపు విసుక్కున్నాడని, పేరు చెప్పకుండానే ఇంటాయనకి ఫోన్ చేసింది. "ఖాళీ లేదండీ. ఎవరో కుటుంబం దిగారు," అన్నాడాయన.

"అక్కడ... ఏదో తిరుగుతుందంటున్నారు?"

"తిరగడమేంటండీ?" ఆయన తెల్లబోయాడు. "నేనెప్పుడూ వినలేదే!"

అద్దెకిచ్చేవాడు ఉందని చెప్తాడా అనుకుంది ఆమె. పోనీ, దిగినవాళ్ళనే అడిగితే? పిల్లలుంటే వాళ్ళని హెచ్చరించినట్టూ ఉంటుంది. మధ్యాహ్నం బస్సెక్కేసింది.

బస్సు ఆలస్యమైంది. స్టాండు పక్కన లాడ్జిలో గది తీసుకుని, సంచి అక్కడ పడేసి, ఒడ్డు వెంబడి బయల్దేరేసరికి... చీకటి చిక్కబడింది.

ఒక ఇల్లు దాటింది. రెండో ఇల్లు... దీపం లేదు. మూడోది తాళం వేసుంది. ఆ తర్వాత చెట్లు. కుడిపక్కన నీళ్ళు — నల్లగా, కదలకుండా.

ఆఖరి ఇల్లు కనిపించింది. ముందు పడవలు కట్టే చెక్కలు. సెల్‌ఫోన్ వెలుగు వాటి మీద వేసింది.

తడి అడుగులు.

నీళ్ళలోంచి పైకి వచ్చాయి. పెద్దవి... వాటి పక్కనే చిన్నవి. గుమ్మం వైపు వెళ్ళాయి. వెనక్కి రాలేదు.

ఆమె చెయ్యి దానంతటదే సెల్‌ఫోన్ వెలుగు ఆర్పేసింది. ఇరవై రెండేళ్ళ ధైర్యం ఏ మూలకి పోయిందో! వెళ్ళిపోదామనుకుంది. వెనక్కి తిరిగింది.

అప్పుడు వినిపించింది... ఇంట్లోంచి, ఒక ఆడగొంతు.

"లైన్లో రండి! ఎవరికీ జలుబు లేదుగా? నాలుక చూపించు... ఊఁ, మొత్తం బయటికి!"

ఆ గొంతు ఆమెకి తెలుసు. ఆ విరుపు తెలుసు. మాట మధ్యలో ఆ 'ఊఁ' తెలుసు.

అది తన గొంతే.

తను ఇక్కడ చీకట్లో నోరు మూసుకుని నిలబడింది... లోపల తను మాట్లాడుతోంది!

మరుక్షణం గొల్లున నవ్వులు. ఆమె చెట్టు పట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ కిటికీకి పది అడుగుల దూరం దాకా వెళ్ళింది.

లోపల దీపం కింద బల్ల. తలకి తువ్వాలు నర్సు టోపీలా చుట్టుకుని, చెంచా థర్మామీటర్‌లా పట్టుకుని చెల్లెలు నిలబడింది. తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. మరదలు, మరిది, తడి జుట్టుతో ముగ్గురు పిల్లలు... అందరూ ఉన్నారు. గోడకి ఆమె రాసిన కాగితం అంటించుంది. అందులో ఒక్క వరస కొట్టేసుంది. ఎవరి వరసో దగ్గరికెళ్ళి చూడక్కర్లేదు.

"పాపం, వదినకి తెలిస్తే?" అంది మరదలు.

"ఎలా తెలుస్తుంది?" చెల్లెలు తువ్వాలు తీసేసి మరదలి వైపు తిరిగింది. "నాలుగు రోజులు... ఒక్క నాలుగు రోజులు ఊపిరి పీల్చుకోనీ వదినా."

ఆ మాట తమ్ముడు అనుంటే ఓర్చుకునేదేమో. అన్నది బుజ్జి! అమ్మ పోయాక తన పక్కలో పడుకుని పెరిగిన బుజ్జి.

చిన్నది కిటికీ వైపు చూసింది. "అమ్మా... బయట పెద్దమ్మ ఉంది."

నవ్వులు ఆగిపోయాయి. ఆమె చప్పున చెట్టు చాటుకి జరిగింది. తర్వాత ఆమె చేతిలో ఫోన్ వణికింది... బుజ్జి.

ఎత్తింది. కిటికీలో చెల్లెలు, చెవి దగ్గర ఫోన్. మొహం స్పష్టంగా కనిపిస్తోంది.

"అక్కా... ఎక్కడున్నావ్?"

"ఇంట్లోనే," అంది ఆమె, గుసగుసగా. "మీరో?"

"మేమూ ఇంట్లోనే అక్కా. పిల్లలు పడుకున్నారు."

ఎంత తేలిగ్గా అంది! కన్ను కూడా ఆర్పలేదు.

అంతలో ఒడ్డున ఏదో నీటిపిట్ట గట్టిగా కూసింది. ఆ కూత గాల్లోనూ వినిపించింది... ఫోన్లోనూ వినిపించింది. ఇద్దరికీ.

చెల్లెలి పెదాలు కదలడం ఆగిపోయింది. మెల్లగా తలెత్తి చీకట్లోకి చూసింది.

తలుపు తెరుచుకుంది. తమ్ముడి చేతిలో టార్చి. వెలుగు గడ్డి మీద పాకుతూ వచ్చి, ఆమె చెప్పుల మీద పడి, చీర మీదుగా పైకెక్కి... మొహం మీద ఆగింది. దెయ్యాన్నే చూసినా అతని మొహం అంతగా పాలిపోయేది కాదు.

"అక్కా, అదీ... పిల్లలు గొడవ చేస్తేనూ..."

గుమ్మంలో గుమిగూడిన వాళ్ళ కాళ్ళ మధ్యలోంచి చిన్నది దూసుకొచ్చి ఆమె నడుం వాటేసుకుంది. "వచ్చావా పెద్దమ్మా! పోయినేడు కూడా ఇక్కడికే వచ్చాం. నువ్వే రాలేదు!"

"నోర్ముయ్యి!" అని అరిచింది బుజ్జి.

పోయినేడు...

పోయినేడు ఇదే నెలలో, ఇదే సరస్సుకి అనుకున్న ప్రయాణం చిన్నదానికి జ్వరమని మానేశారు. ఆ నాలుగు రోజులూ ఆమె డ్యూటీలో ఉండి కూడా గంటగంటకీ ఫోన్ చేసింది. జ్వరం ఎంతుందని అడిగింది. తడిబట్ట ఎలా వెయ్యాలో చెప్పింది. బుజ్జి ప్రతిసారీ ఓపిగ్గా, అప్పుడే థర్మామీటర్ తీసి చూసినట్టు, ఒక్కో అంకే చెప్పింది.

నూట రెండు అక్కా... నూటొకటి... ఇప్పుడే చూశా, వంద... తగ్గిపోతోందిలే, ఇంక నువ్వు పడుకో.