తీర్పరి మనసు

నరీన్ కొండల్లోని ఆ ఊళ్ళో గ్రామసభ ఎన్నిక రెండు ఓట్ల తేడాతో తేలింది. గొర్రెల కాపరుల దగ్గరికి తీసుకెళ్ళిన ఓట్ల పెట్టె సీలు ఊడిందని ఓడినవాళ్ళు గొడవకు దిగారు. కోర్టుకెక్కితే ఎప్పటికి తేలుతుందో తెలియదు. ఈలోగా ఊళ్ళో తలలు పగిలేలా ఉన్నాయి. అందుకని రాజీ కుదర్చడానికి పట్నం నుంచి బర్మెత్ అనే పెద్దావిడ, ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న ఐసల్కిన్ వచ్చారు.

గెలిచినవాడి పేరు తిలెక్. ఆ పేరున్నవాళ్ళు దేశంలో ఎంతమంది లేరని సర్దిచెప్పుకుంటూ వచ్చింది ఐసల్కిన్. తీరా చూస్తే, రాజీ మాటలకని కేటాయించిన బడి గదిలో అతనే కూర్చున్నాడు. రాజధాని బిష్కెక్‌లో చదువుకునే రోజుల్లో, వానలో తను తడుస్తూ ఆమెకు గొడుగు పట్టినవాడు. తండ్రి పోయాడని ఊరికి వెళ్ళి, మళ్ళీ రానివాడు.

"మొదలుపెట్టే ముందు ఒక మాట," అంది ఐసల్కిన్. "ఇతను నాకు తెలుసు. బాగా."

"బాగా అంటే?" ఎన్నికలో ఓడిన పెద్దాయన ఓరోజ్ కనుబొమలెగరేశాడు.

"ఇన్నేళ్ళయినా మర్చిపోలేనంత."

తిలెక్ చెవులు ఎర్రబడ్డాయి.

"అయితే ఈ తగువులో నువ్వు కూర్చోకూడదమ్మా," అంది బర్మెత్ మెల్లగా.

"తెలుసక్కా. వెళ్తున్నా."

వరండాలో వాన చూస్తూ నిలబడింది. లోపల కేకలు. వాటి మధ్య అతని గొంతు వినబడినప్పుడల్లా తలుపు వైపు తిరిగింది. చాలాసేపటికి టీ గిన్నెల చప్పుడు. తిలెక్ బయటికొచ్చాడు.

"తేలిందా?"

"ఆ పెట్టె వరకు మళ్ళీ ఓటింగ్ పెట్టమని ఎన్నికల అధికారుల్ని ఇద్దరం కలిసి అడుగుతున్నాం."

"ఓడిపోతావేమో."

"పోవచ్చు. 'ఆ పిల్ల నిజం దాచి నీ వైపు మొగ్గి ఉండొచ్చు, కానీ లేచి వెళ్ళింది. మరి నువ్వో?' అన్నాడు ఓరోజ్ మామ. ఇంకేం మాట్లాడను?"

"ఒక్క ఫోనైనా చెయ్యలేదు నువ్వు."

"అమ్మ, ఇద్దరు చెల్లెళ్ళు, ఆ గొర్రెలు. ఈ కొండల్లోకి రమ్మని ఏ మొహం పెట్టుకుని అడగను?"

"అడగాల్సింది. నా జవాబు కూడా నువ్వే చెప్పేసుకున్నావు."

తిలెక్ తలెత్తాడు. "ఇప్పుడు అడిగితే?"

"ఓటింగ్ అయ్యాక అడుగు. గెలిచినా, ఓడినా."

మళ్ళీ పెట్టిన ఓటింగ్‌లో తిలెక్ ఓడిపోయాడు. మర్నాడే పట్నంలో ఐసల్కిన్ ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. వెనక వాళ్ళమ్మ, ఆమె పక్కన ఓరోజ్.

"వీడి సీటు నేను తీసుకున్నానమ్మా," అన్నాడు ఓరోజ్ ఐసల్కిన్‌తో, లోపలున్న ఆమె తండ్రికి కూడా వినబడేలా. "కనీసం పెళ్ళిమాటైనా నేనే మాట్లాడాలిగా."

పెళ్ళి ఖాయమైతే కాబోయే కోడలి చెవులకు అత్త పెట్టే వెండి కమ్మలు తీసింది తిలెక్ తల్లి. ఐసల్కిన్ ముందుకొచ్చింది. జుట్టు చెవుల వెనక్కి సర్దుకుని, తల వంచింది.