కామాల తాతకి కప్పిన శాలువా

ఆ ప్రెస్సులో మూలనున్న కంప్యూటర్ పేరెత్తితే పట్టపగలు కూడా పళ్ళు టకటకలాడేవి. తొమ్మిదూళ్ళ దెయ్యాలు దాని దగ్గరే విద్య నేర్చుకున్నాయనేవారు. అయ్యుంటుంది, దెయ్యాలకి మాత్రం వేరే పనేముంది!

ఆ మూల కుర్చీలో ముప్పై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన కామాల తాత మూడేళ్ళ కిందట పోయాడు. పోతూ పోతూ డాక్టరు చీటీలో కూడా ఒక కామా దిద్దాడట. ఆ ఎండాకాలమే కంప్యూటర్ మొదటిసారి బిగుసుకుపోయింది. తాతకి ఎప్పుడూ చలే కదా అని, ఓనరు ఆయన ఉన్ని శాలువా తెచ్చి బల్లకింది కంప్యూటర్ పెట్టెకి కప్పాడు. మళ్ళీ బిగుసుకుంటే దుప్పటి. మళ్ళీ... రగ్గు. పెట్టె కాస్తా పచ్చి బాలింతలా తయారైంది.

ఒక రాత్రి పేజీలు కట్టే అమ్మాయికి దాని ముందు కూర్చోక తప్పలేదు. అరవై పేజీల పుస్తకం తెల్లారి ఆరింటికి అచ్చుకెళ్ళాలి. దానికి కావలసిన ఫాంట్లున్నది ఆ కంప్యూటర్లోనే. పని కాకపోతే ఆమె కుర్చీలోకి ఓనరు బావమరిది వస్తాడు. ఆయనకి రాని విద్య లేదు, టైపింగు తప్ప.

పది నిమిషాలు... తెర మీద బాణం ఆగిపోయింది.

బల్ల కింద ఎవరో మూలిగారు — గర్ర్ర్...

"తాతే!" వాచ్‌మన్ గుమ్మం దగ్గర్నుంచే గుసగుసలాడాడు. "చలేస్తోందమ్మాయ్... ఇదుగో, నా తువ్వాలు కూడా కప్పు."

"నువ్వే వచ్చి కప్పు, బాబాయ్."

"నాకు మోకాళ్ళ నొప్పి తల్లీ."

కప్పింది. ఆపి మళ్ళీ వేసింది. ఈసారి తెర నిండా ఊదారంగు చారలు, గోళ్ళతో గీరినట్టు. ఐదు నిమిషాలకే మళ్ళీ బిగుసుకుపోయింది.

ఏడుపొచ్చింది. రగ్గు సర్దబోతే చెయ్యి పెట్టెకి తగిలింది — చటుక్కున వెనక్కి తీసుకుంది.

కాలింది! దాని మీద దోసె పోస్తే మాడిపోయేది.

చచ్చినాయనకి చలన్నారు... మరి ఈ జ్వరమేంటి?

భయం పోయి ఒళ్ళుమండింది. ప్లగ్గు పీకి, తువ్వాలు, రగ్గు, దుప్పటి, శాలువా అన్నీ లాగిపారేసింది. పెట్టె వెనక ఫ్యాను రెక్కలకి శాలువా ఉన్నిపోగులు జడలా చుట్టుకున్నాయి. మూలిగింది అదే. దుప్పట్ల బరువుకి తెర తీగ సగం ఊడి వేలాడుతోంది. చారలు గీసింది అదే.

పెట్టె చల్లారాక జడపిన్నుతో పోగులన్నీ లాగి, తీగ బిగించి, స్విచ్చి వేసింది.

ఫ్యాను హాయిగా తిరిగింది. తెర తేటపడింది.

"తాత... వెళ్ళిపోయాడా?" వాచ్‌మన్ గుమ్మం దాటలేదు.

"ఉన్నాడు బాబాయ్. నిద్రపోతున్నాడు, అరవకు."

ఐదున్నరకి అరవయ్యో పేజీ అయింది. ఆరింటికి బావమరిదిని వెంటబెట్టుకుని మరీ వచ్చిన ఓనరు, గుట్టగా పడున్న దుప్పట్లు చూసి పాలిపోయాడు.

"తాతకి చలమ్మా! ఎంత పని చేశావ్!"

"చలి కాదండీ. మూడేళ్ళుగా ఉక్కపోసి చస్తున్నాడు."

ఓనరు చెంపలేసుకున్నాడు. తాత మనసు తెలిసిన మనిషని ఆమె ఉద్యోగం ఖాయం చేశాడు. బావమరిదిని అప్పటికప్పుడు బజారుకి పంపి టేబుల్ ఫ్యాను తెప్పించి, పెట్టెకి ఎదురుగా పెట్టించాడు.

అప్పట్నుంచి అది ఒక్కసారీ బిగుసుకోలేదు. చూశారా, తాత ఎంత శాంతించాడో అని ఓనరు వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు.