ఆదివారం మిషను చప్పుడు

ఆదివారం పొద్దున పొయ్యి మీద గంజి ఉడుకుతుండగానే హైయెన్ జుట్టు దువ్వి ముడి వేసుకుంది. ఉతికిన స్వెట్టరు తొడుక్కుని, పెదాలకి కాస్త ఎరుపు రాసుకుంది. వారం మొత్తంలో ఆమె అద్దం ముందు నిలబడేది ఆ ఒక్క పూటే. మిగతా రోజుల్లో ఎవరు చూడాలని?

కింద కుట్టు షెడ్డులో భర్త చాంగ్‌పింగ్ బట్టల స్టాండు తోస్తున్న చప్పుడు వినిపించింది. దానికి వేలాడుతున్నవి చలికోట్లు. ఆర్డరిచ్చిన దుకాణాయన కరోనా మొదలవగానే వద్దనేస్తే అలా ఉండిపోయాయి. పోయిన ఆదివారం నీలం కోట్లు ముందున్నాయి. ఈవేళ బూడిదరంగువి ముందుకి జరుపుతున్నాడు. ఫోన్లో చూసే అత్తగారికి పని మారినట్టు కనిపించాలి కదా.

చైనాలోని వెన్‌జౌ నుంచి ఇటలీలో ఈ ప్రాతో ఊరికి వచ్చి బట్టలు కుట్టుకుని బతికే వాళ్ళందరిదీ ఒకటే పద్ధతి. ఇంటికి ఫోన్ చేస్తే మంచే చెప్పాలి. జ్వరమొచ్చినా, పని పోయినా, మొగుడూ పెళ్ళాలు కొట్టుకున్నా, "బాగున్నాం, తింటున్నాం, చేతినిండా పని" అనాలి. అవతలివాళ్ళూ అంతే. వేల మైళ్ళ దూరాన ఉన్నవాళ్ళకి చెడ్డ కబురు చెప్పి చేసేదేముంది, వాళ్ళ నిద్ర పాడుచెయ్యడం తప్ప? హైయెన్ పద్నాలుగో ఏట బడి మానేసి అమ్మానాన్నల వెనక ఈ దేశం వచ్చింది. బడిలో నేర్చుకున్నది మరిచిపోయింది గానీ ఈ పద్ధతి మాత్రం మరవలేదు.

కొడుకు విషయంలోనూ ఊరందరి పద్ధతే నడిచింది. మిషన్ల మధ్య, నూలు దుమ్ములో పసివాణ్ణి ఎక్కడ పెంచుతారు? బోర్లాపడే వయసులో వాణ్ణి, ఊరికి వెళ్తున్న తెలిసినావిడ చేతుల్లో పెట్టి విమానం ఎక్కించారు. అప్పటిదాకా ఈ షెడ్డులోనే కుట్టిన అత్తగారు మనవడి కోసమని ముందే ఊరు చేరింది. గుండ్రంగా ఉంటాడని వాడికి దౌదౌ అని పేరు పెట్టింది ఆవిడే. చిక్కుడుగింజ అని దాని అర్థం. బడి ఈడుకి తెచ్చుకుందాం అనుకున్నారు. ఈ ఏడు వసంతకాలానికి టిక్కెట్లూ తీశారు, మేడ మీద గదిలో చిన్న మంచమూ వేశారు. ఇంతలో విమానాలు ఆగిపోయాయి.

ఆ మంచం మీది పరుపుకి చుట్టొచ్చిన ప్లాస్టిక్ కాగితం ఇంకా అలాగే ఉంది. హైయెన్ దాన్ని రోజూ మందు నీళ్ళతో తుడుస్తుంది. తలుపు గొళ్ళేలు, మెట్ల కమ్మీ, చాంగ్‌పింగ్ తెచ్చిన కూరల సంచి, అన్నీ తుడుస్తుంది. చేతులు పగిలి నెత్తురు కారినా మానదు. ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది, ఊపిరి సగంలో నిలిచిపోతుంది. ఎవరితో చెప్పుకోవాలో తెలియదు. గుండె జబ్బేమోనని భయం, ఆస్పత్రికి వెళ్తే రోగం అంటుకుంటుందని ఇంకో భయం.

వీధిలో అడుగుపెట్టి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. చలికాలం చివర్లో, ఇంకా ఇక్కడివాళ్ళెవరూ మాస్కు పెట్టుకోని రోజుల్లో, మాస్కుతో రొట్టెల కొట్టుకి వెళ్ళింది. వరుసలో ముందున్న ముసలాయన వెనక్కి తిరిగి చూసి, మీరే తెచ్చి మాకు అంటించారు, ఇంటికి పొమ్మన్నాడు. కొట్టులో అందరూ విన్నారు. ఒక్కరూ నోరు మెదపలేదు. రొట్టె కొనకుండానే వచ్చేసింది. ఆ వారమే ఊరినుంచి కబురు: ఇటలీలో ఉన్నవాళ్ళు ఇప్పుడు వచ్చి మాకు రోగం పంచొద్దని ఊరివాళ్ళు అత్తగారి గుమ్మం ముందు నిలబడి చెప్పిపోయారట. అక్కడా వద్దు, ఇక్కడా వద్దు. మరి మనిషి ఎక్కడ నిలబడాలి?

రొట్టెల కొట్టు సంగతి ఆమె చాంగ్‌పింగ్‌కి కూడా చెప్పలేదు. చెబితే ఏం చేస్తాడు? వేసవిదాకా మాస్కులు కుట్టారు, తరవాత అదీ ఆగింది. అప్పటినుంచి అతను మంచం మీద పడుకుని పైకప్పు చూస్తుంటాడు. ఒకే గదిలో ఉన్నా ఇద్దరి మధ్యా మాటలు తక్కువైపోయాయి. ఇద్దరూ కలిసి చేసే పని ఒక్కటే మిగిలింది, ఈ ఆదివారం నాటకం.

పొద్దెక్కింది. అక్కడ సాయంత్రం భోజనాల వేళ. హైయెన్ కోట్ల స్టాండుకి వీపు పెట్టి కూర్చుంది. ఫోన్లో కనపడని మూల చాంగ్‌పింగ్ మిషను ముందు కూర్చుని కాలితో నొక్కాడు. సూదికి దారం లేదు, కింద బట్ట లేదు. మొదట్లో పేలికలు కుట్టేవాడు. ఆ ఓపిక కూడా పోయాక ఉత్త మిషనే తిప్పుతున్నాడు. గరగరమని షెడ్డంతా పని ఉన్న షెడ్డులా మోగింది.

"తిన్నావుటే?" అంది అత్తగారు ఫోన్ తియ్యగానే.

తిన్నానంది హైయెన్. పని బాగుందా అని ఆవిడ అడిగింది, చేతినిండా ఉందని ఈమె చెప్పింది. మీ ఆరోగ్యమో అంటే రాయిలా ఉన్నానంది ఆవిడ. రోజూ అప్పజెప్పే పాఠంలా మాటలు దొర్లిపోయాయి. హైయెన్ కళ్ళు మాత్రం ఆవిడ భుజం వెనక బల్ల దగ్గరే ఉన్నాయి. దౌదౌ పక్కకి తిరిగి కూర్చుని రెండు పుల్లలతో నూడుల్స్ తింటున్నాడు. కొన్ని వారాలుగా వాడి తీరింతే. దగ్గరికి రాడు, మొహం తిప్పడు. "అమ్మకి చెయ్యి ఊపు" అని నానమ్మ అంటే పుల్లలు పట్టుకున్న చెయ్యే కొంచెం ఎత్తి ఊపుతాడు. నన్ను మరిచిపోతున్నాడు అన్న మాట హైయెన్‌ని తొలుస్తోంది. ఈసారి వాడు ఎవరో కొత్తవాళ్ళని చూసినట్టు ఓరగా చూసి, మళ్ళీ గిన్నెలోకి వంగాడు.

అప్పుడు కనిపించింది ఆమెకి. పుల్లలు వాడి ఎడమచేతిలో ఉన్నాయి.

ఫోన్ పెట్టెయ్యగానే మిషను ఆగింది. హైయెన్ కదల్లేదు.

వాడు ఎడమచేత్తో తింటున్నాడని చెప్పింది. ఫోన్లో అద్దంలోలాగా అటుదిటు కనిపిస్తుంది, పిచ్చి ఆలోచనలు మానమన్నాడు చాంగ్‌పింగ్. ఆమె మానలేదు. వాడి వెనక గోడకి కేలెండరు ఉంది, అందులో అంకెలు తిన్నగానే కనిపించాయి, మరి చెయ్యి ఒక్కటీ ఎలా తిరగబడుతుంది? పోయిన వారం కూడా ఇలాగే కూర్చున్నాడు. అంతకు ముందు వారమూ అంతే. కుడిపక్క ఒక్కసారైనా చూపించిందా మీ అమ్మ? ఆ చెయ్యికి ఏమైంది? అసలు ఉందా?

"నోరు ముయ్యి," అన్నాడు చాంగ్‌పింగ్. అంతలోనే గొంతు తగ్గించాడు. "అడిగావనుకో, ఆవిడా అడుగుతుంది. అప్పుడేం చెప్తావు? పని లేదని చెప్తావా? నెలల తరబడి ఇల్లు కదల్లేదని చెప్తావా? నువ్వు నిద్దట్లో ఏడుస్తావని చెప్తావా?"

హైయెన్ అతని మొహంలోకి చూసింది. అతనికి తెలుసన్నమాట. పక్కన పడుకుని పైకప్పు చూస్తూ అన్నీ వింటూనే ఉన్నాడన్నమాట. ఆ క్షణాన ఆమెకి కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. గుండె మళ్ళీ దడదడమంది. ఊపిరి అందక స్టాండు పట్టుకుంటే బూడిదరంగు కోట్లు రెండు జారి కిందపడ్డాయి. వాటిని తీసే ప్రయత్నం ఎవరూ చెయ్యలేదు.

పెదాల రంగు చేత్తో తుడిచేసి, ఆమె మళ్ళీ ఫోన్ చేసింది. ఆదివారం రెండోసారి ఫోన్ చెయ్యడం వాళ్ళింట్లో ఎప్పుడూ లేదు.

అత్తగారు కంగారుగా తీసింది. "ఏమైందే? మావాడికేమన్నా అయిందా?"

"అత్తయ్యా, దౌదౌ కుడిచెయ్యి చూపించండి."

 ఆవిడ నవ్వబోయింది. పిల్లాడు నిద్రపోయాడంది, వెనకాలే వాడి గొంతు వినపడుతోంది. చెయ్యికేమి, దుక్కలా ఉన్నాడంది. హైయెన్ అదే మాట మళ్ళీ అంది. నేను వాడిని కన్నదాన్ని, నాకు చూపించకపోతే ఎవరికి చూపిస్తారంది. మిమ్మల్ని నమ్మి అప్పగించానంది. అనకూడని మాట అనేశానని తెలిసేసరికి అది నోరు దాటిపోయింది.

అత్తగారి మొహంలో నవ్వు ఆరిపోయింది.

"చూపిస్తాను," అంది. "ముందు నువ్వు మీ మిషను మీదున్న బట్ట చూపించు."

చాంగ్‌పింగ్ తలెత్తాడు.

"ఆ మిషను మీద నేను పదేళ్ళు కూర్చున్నానే అమ్మాయ్. నా కాలి కింద అరిగిన మిషను అది. చొక్కా చెయ్యి కుడితే చంక దగ్గర ఆగాలి, మలుపు తిరగాలి. కాలరైతే మూల దగ్గర ఆగాలి. మీరు కుట్టేదేం బట్టే? ఎక్కడా ఆగదు, ఎక్కడా తిరగదు. వేసవి పోయినప్పట్నుంచీ వింటున్నాను."

"తెలిసీ అడగలేదేం అత్తయ్యా?"

"ఎందుకడగాలి? మీ గుట్టు మీది. పని లేకపోతే లేకపోనీ, వాడికింకా కాలితో నొక్కే ఓపికుంది అనుకునేదాన్ని. ఆ చప్పుడు వినపడని ఆదివారం నాడు భయపడదామనుకున్నాను." ఆవిడ ముక్కు చీదింది. "చూడు. చూడు నీ కొడుకు చెయ్యి."

ఫోన్ ఊగింది. గోడ, కేలెండరు, బల్ల కోడు కనిపించాయి. తరవాత దౌదౌ. వాడి కుడిచేతికి మోచెయ్యి పై నుంచి వేళ్ళదాకా కట్టు. దాని మీద పెన్నుతో గీసిన చేపలు, ఒక విమానం. గోడెక్కి పడ్డాడట. ఎముక అతుక్కుంటోందన్నాడట డాక్టరు, ఇంకొన్నాళ్ళలో తీసేస్తారట. కట్టు మీద పట్టే చొక్కా ఒక్కటీ లేక, చలిలో తాత పాత కోటు భుజాన వేసి కూర్చోబెడుతోందట. చెబితే నువ్వు అక్కడ తిండి మానేస్తావని చెప్పలేదంటూ అత్తగారు ఏడ్చేసింది. వయసైపోయింది, నా కళ్ళు కాస్త మళ్ళినప్పుడే పడ్డాడు, నన్ను ఎన్ని మాటలన్నా అను అంది.

 దౌదౌ ఫోన్ దగ్గరికి వచ్చాడు. ఇన్ని వారాల తరవాత వాడి మొహం తిన్నగా, తెర నిండా కనిపించింది. పైపన్ను ఒకటి ఊడింది. అదీ ఆమెకి తెలియదు.

"నేనే చెప్పొద్దన్నాను," అన్నాడు వాడు.

"ఎందుకు నాన్నా?"

"చెయ్యి విరిగినవాళ్ళని విమానం ఎక్కనివ్వరంట. నువ్వు చూస్తే టిక్కెట్టు వేరేవాళ్ళకి ఇచ్చేస్తావని." కట్టు మీది విమానాన్ని ఎడమచేతి వేలితో చూపించాడు. "ఇది నేనే గీశాను. ఇందులో నేనున్నాను, కనపడను."

హైయెన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వాడు మొహం తిప్పుకున్నది అమ్మని మరిచిపోయి కాదు. అమ్మ దగ్గరికి రావాలనే. ఈ ఇంట్లో అందరూ ఒకరి నుంచి ఒకరు దాచుకుంటున్నారు. ఐదేళ్ళ పిల్లాడు కూడా నేర్చేసుకున్నాడు.

ఆమె కన్నీళ్ళు దాచుకోలేదు. ఫోన్ పక్కకి తిప్పలేదు. పని లేదని చెప్పింది. వీధిలోకి వెళ్ళాలంటే కాళ్ళు వణుకుతాయని చెప్పింది. రొట్టెల కొట్టులో ముసలాయన ఏమన్నాడో మొదటిసారి పైకి చెప్పింది. చాంగ్‌పింగ్ మిషను దగ్గర నుంచి లేచి వచ్చి, ఆమె వెనక నిలబడి విన్నాడు. అతని చెయ్యి ఆమె భుజం మీద పడింది. అది బరువుగా, వెచ్చగా ఉంది.

అత్తగారు చివరిదాకా విని, ఆ ముసలాడి నోట్లో పుండు పుట్టా అని తిట్టింది. హైయెన్‌కి ఏడుపులోనే నవ్వొచ్చింది. తరవాత ఆవిడ కొడుకుని పిలిచింది.

"ఒరేయ్, ఉత్తి మిషను తిప్పితే అరిగిపోతుందిరా. ఏదైనా కుట్టండి. ఫోన్ అలాగే పెట్టి ఉంచండి. వీడు రోజూ పడుకోబోతూ ఆ చప్పుడేమిటని అడుగుతాడు. మీ అమ్మ నీకు కోటు కుడుతోందని చెప్పి పడుకోబెడుతున్నాను నేను."

హైయెన్ కింద పడ్డ బూడిదరంగు కోట్లలో ఒకటి తీసింది. అది పెద్దవాళ్ళ కోటు. గుడ్డ మందంగా, మెత్తగా ఉంది. బల్ల మీద పరిచి, దౌదౌని నిలబడమని చెప్పి, ఫోన్లోనే కళ్ళతో కొలిచింది. కుడిచెయ్యి కుట్టు భుజం దాకా తెరిచి ఉంచాలి, కట్టు మీంచి వేసి పక్కన ముడులు కట్టుకునేలా. కట్టు తీసేశాక మూసి కుట్టేసుకోవచ్చు. మనుషులు వెళ్ళలేకపోయినా పార్సిళ్ళు వెళ్తున్నాయి. పార్సిల్ ఇవ్వాలంటే వీధి చివరిదాకా నడవాలి. ఆ ఆలోచన రాగానే గుండె మళ్ళీ దడమంది.

"నేనూ వస్తాను," అన్నాడు చాంగ్‌పింగ్, ఆమె అడగకుండానే. "రొట్టెల కొట్టు ముందు నుంచే వెళ్దాం."

అతనే సూదిలో దారం ఎక్కించాడు.  కత్తిరించిన గుడ్డ సూది కింద పెట్టి, హైయెన్ కాలితో నొక్కింది. గుడ్డ మీద చప్పుడు వేరేగా ఉంది. గరగర లేదు, మెత్తగా, లోతుగా ఉంది. బల్ల మీద ఆనించిన ఫోన్లో దౌదౌ నానమ్మ ఒళ్ళో తల పెట్టుకున్నాడు. అత్తగారు కళ్ళు మూసుకుని వింటోంది.

మిషను మలుపు దాకా వెళ్ళి ఆగింది. హైయెన్ గుడ్డని నెమ్మదిగా తిప్పింది.

"ఆఁ," అంది అత్తగారు కళ్ళు తెరవకుండానే. "చంక దగ్గరికి వచ్చావు. మెల్లిగా తిప్పు."