కాలికి పెట్టని మందు

గాజు పలక మీద పసుపుపచ్చని పొర పరుచుకుని ఉంది. అది సాంబయ్య కాలి పుండులోని బాక్టీరియా. ఆరేళ్లుగా అతను నొప్పి తగ్గగానే మాత్రలు మానేస్తూ వచ్చాడు. ఇప్పుడు ఏ యాంటీబయాటిక్‌కూ అది లొంగడం లేదు. వచ్చే నెల మోకాలి కింద కాలు తీసేయాలని సర్జన్ తేదీ కూడా వేశాడు. సాంబయ్యది చీరాల, గుంటమగ్గం మీద నేత. మగ్గం తొక్కడానికి రెండు కాళ్లూ కావాలి.

డాక్టర్ షమీమ్ ఆ పలకను జల్లెడ అనే కొత్త యంత్రంలో పెట్టింది. బాక్టీరియాను చంపే వైరస్‌లు ఉంటాయని, వాటిని ఫేజ్‌లంటారని, ఒక్కో ఫేజ్‌ ఒక్కో రకం బాక్టీరియా మీదే పనిచేస్తుందని చెప్పింది. అవి మురుగులోనే ఎక్కువ. రాష్ట్రంలోని పదివేల కాలవల నీళ్లను యంత్రం చుక్క చుక్కగా పరీక్షించింది. మధ్యాహ్నానికి ఒక చుక్క పడ్డచోట బాక్టీరియా చచ్చి, పొర మీద సూదిబెజ్జమంత ఖాళీ కనిపించింది. ఆ చుక్క చేపల బజారు వెనక మురుగు బోదెలోది.

షమీమ్ తెర మీద చూపించింది. దారప్పోగుల్లాంటి కాళ్లతో ఒక ఫేజ్ బాక్టీరియా మీద వాలింది. అరగంటలో బాక్టీరియా పగిలి వంద ఫేజ్‌లు బయటికొచ్చాయి. సాంబయ్య లేచి చేతులు జోడించాడు.

“ప్రాణం ఉందా అమ్మా దానికి?”

“ఉందనే అనుకోండి. మీ కాలి కోసమే పుట్టిందనుకోండి.”

ఆ బోదె పక్కన ఇన్నాళ్లూ ముక్కు మూసుకుని నడిచామే అని అతని భార్య నాగరత్నం లెంపలు వేసుకుంది.

ముప్పై రోజులు, రోజుకో సీసా ఫేజ్ మందు. ఇరవై రోజులు ఆస్పత్రిలో నర్సు పుండు మీద పోసింది. చీము ఆరింది. అంచుల నుంచి కొత్త చర్మం పాకింది. మిగతా పది సీసాలూ చేతికిచ్చి, ఒక్క రోజు కూడా తప్పకూడదని చెప్పి ఇంటికి పంపారు.

రెండు నెలలకు అతన్ని ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. చావకుండా మిగిలిన కాసిని బాక్టీరియా ఆ ఫేజ్‌కు లొంగని రకంగా మారి పెరిగాయి. జల్లెడ మూడు రోజులు వెతికింది. పొర మీద ఒక్క ఖాళీ పడలేదు.

సీసాలు ఏమయ్యాయని అడిగితే దేవుడి గూట్లో ఉన్నాయంది నాగరత్నం.

“కాలికి పొయ్యమన్నది దేవుడి దగ్గర పెట్టారా, సాంబయ్య గారూ?”

“కళ్లారా చూశాక కాలికెలా పోస్తానమ్మా, అంత మహిమ గలదాన్ని?”

షమీమ్ తెర వైపు చూసింది. చూడమన్నది తనే.

దండం పెట్టడం సులువు. పది రోజులు చెప్పినట్టు నడుచుకోవడమే కష్టం.

కాలు తీసేశారు. మగ్గం గుంటలో ఇప్పుడు నాగరత్నం కూర్చుంటోంది. గుంటలోకి దిగే ముందు రోజూ పది సీసాలకూ కుంకుమ బొట్టు పెడుతుంది.