షెడ్డులో పెద్దమ్మాయి

రన్‌వే చివరి రేకుల షెడ్డు పేరెత్తితే చాలు, అక్కడ మీసాలున్న మగాళ్లు కూడా మాట మార్చేస్తారు. చీకటి పడితే లోపల్నుంచి టక్... టక్... అని చప్పుడు. వెనకే ఓ మూలుగు. కాపలావాడైతే దాని వైపు వీపు పెట్టి మరీ కాపలా కాస్తాడు.

లోపల మూలిగేది పెద్దమ్మాయేనట.

పెద్దమ్మాయంటే ఓ విమానం. విమాన కంపెనీ ఛైర్మన్ గారు అంతకుముందు బస్సులు నడిపేవారు. వాటిని ఆలస్యంగా నడపడంలో చెయ్యి తిరిగాక, ఇక ఆకాశాన్ని ఉద్ధరిద్దామని రెండు చిన్న విమానాలు కొన్నారు. ఒకే అచ్చులో పోసిన కవలలు. పెద్దమ్మాయి, చిన్నమ్మాయి అని ముద్దు పేర్లు. ‘అద్దెకు పిలవండి, రెక్కలు కట్టుకు వాలతాం’ అని ప్రకటన కూడా వేయించారు. వాలిన మాట నిజమే, పిలిచిన రోజున మాత్రం కాదు. పెళ్లికి పిలిస్తే పురుటికి అందుకునేవారు.

ఇంతలో పెద్దమ్మాయి రెక్క మొదట్లో బీట పడింది. “ఇది మళ్లీ నేల విడిచిందో, మీ కంపెనీ ఉండదు” అని తనిఖీ అధికారులు చెప్పి వెళ్లారు. దాన్ని షెడ్డులోకి తోసి తలుపేశారు. కొన్నాళ్లకి ఆ చప్పుళ్లు మొదలయ్యాయి.

మిగతాది మా బావ చెప్పగా విన్నది. చిన్నమ్మాయిని నడిపే పైలట్ ఆయనే.

ఓ రోజు, తెల్లారితే మా అక్క చంటిదాన్ని ఎత్తుకుని ఆ విమానం ఎక్కాలి. బావకి ఎందుకో మనసు ఊరుకోలేదు. రాత్రి భోజనం చేసి, విమానాన్ని ఒక్కసారి చూసుకుందామని వెళ్లాడు.

ఆగి ఉండాల్సిన చోట విమానం లేదు!

టక్... టక్...

షెడ్డు తలుపు సందులోంచి సన్నటి వెలుగు. బావ పారిపోయేవాడే — కానీ పొద్దున ఎక్కేది పెళ్లాం, పిల్ల. గుండె చిక్కబట్టుకుని తలుపు తోశాడు.

లోపల రెండు విమానాలూ పక్కపక్కన ఉన్నాయి. ఒకదాని తోక కింద... రెండు కాళ్లు. నడుం పైన ఏమీ లేదు.

“ఎ... ఎవరది?”

“మెల్లగా బాబూ,” అన్నాయి కాళ్లు.

తోక వెనకనుంచి తల కూడా వచ్చింది. మెకానిక్ బాబాయ్! చేతిలో రంగు బ్రష్షు. బావకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

“దెయ్యానివి నువ్వా బాబాయ్!”

“సుత్తి నాదే, మూలుగూ నాదే. నడుంనొప్పి బాబూ. దెయ్యమన్న మాట మాత్రం ఛైర్మన్ గారు పుట్టించారు. అధికారులకి మాత్రం భయం ఉండదా?”

బావ నవ్వబోయాడు. తోక మీద తడి రంగు చూసి ఆగిపోయాడు.

“ఏంటిది?”

“చిన్నమ్మాయి చక్రం మొరాయించింది. అది బాగయ్యేదాకా దాని నంబరు పెద్దమ్మాయికి వేయమన్నారు.”

“మరి... రెక్క బీట?”

“దాని మీదా రంగు వేశాగా.”

“నా పెళ్లాం, పిల్ల ఎక్కుతారు బాబాయ్... చచ్చినా దీన్ని నేను నడపను!”

బాబాయ్ బ్రష్షు దించి, బావ వంక జాలిగా చూశాడు.

“అదేంటి బాబూ... ఈ నెలంతా మీరు నడిపింది దీన్నేగా! రోజూ మీరు ఎగరేస్తుంటే పూత గాలికి లేచిపోతోంది... అందుకే మళ్లీ వేస్తున్నా.”