నల్లబండ స్టేషన్‌లో మొదటి పరుగు

క్రీస్తు శకం 2097. నల్లబండ పాతాళ స్టేషన్‌కు నిమిషానికొక రైలు వస్తోంది. మనిషి నిలబడ్డ చోటే తలుపు తెరుచుకుంటుంది, సీటు నంబరు ముందే మణికట్టు మీద వెలుగుతుంది. అయినా జనం పరిగెత్తుతూనే ఉన్నారు. ఎందుకని అడిగితే ఒక్కరూ చెప్పలేరు. ముందువాడు పరిగెత్తాడు కాబట్టి మనమూ పరిగెత్తాలి, అంతే.

ఆ ప్లాట్‌ఫారాల కింద, హైదరాబాద్ రాతిపొరను తొలిచి కట్టిన ప్రయోగశాలలో, డాక్టర్ మంజీరకు పొద్దుటి నుంచి కాలు నిలవడం లేదు. ఆమె కనిపెట్టిన శిలాస్మృతి యంత్రం ఇవాళ స్టేషన్ చరిత్ర చెప్పబోతోంది. దాని సూత్రం తేలికే. గ్రానైట్ రాతిలో క్వార్ట్జ్ స్ఫటికాలుంటాయి. అడుగు పడ్డప్పుడల్లా వాటిలో రవ్వంత విద్యుత్తు పుడుతుంది. దాన్నే పీజోఎలక్ట్రిక్ ప్రభావం అంటారు. ఆ వెంటే కంటికి ఆనని ఒత్తిడి మచ్చ ఒకటి రాతిలో మిగిలిపోతుంది. ఆ మచ్చలను పొర తర్వాత పొరగా చదువుకుంటూ పోతే, ఎవరి అడుగు ఎప్పుడు ఎటు పడిందో తెలుస్తుంది. ఎవరి నడక వారిదే కదా.

స్టేషన్ పెద్దలకు కావలసింది అరవయ్యో వార్షికోత్సవానికి ఒక ప్రదర్శన. మంజీరకు కావలసింది వేరు. ఆమెకు నాలుగేళ్లప్పుడు ఇక్కడే తొక్కిసలాట జరిగి పద్దెనిమిది మంది పోయారు. చివరి క్షణంలో రైలు ఎదుటి ప్లాట్‌ఫారానికి మారింది. ఆ మాట మైకులో చెప్పింది ఆమె తల్లి హిమజ. అనౌన్సరు హడావిడి ప్రకటన వల్లే జనం పరుగందుకున్నారని విచారణ సంఘం తేల్చింది. హిమజ ఉద్యోగం పోయింది. ఆమె ఒక్కమాటైనా ఎదురు చెప్పలేదు. నిర్దోషి కాబట్టే అంత నిబ్బరంగా భరించిందని మంజీర నమ్మింది. సగం జీవితం ఈ యంత్రానికి ధారపోసింది అందుకే. పాత సంగతులు తవ్వొద్దని తల్లి ఎన్నిసార్లు బతిమాలినా వినలేదు.

ఆనాడు చనిపోయినవాళ్ల బంధువులు ఫలితం కోసం పై హాల్లో కూర్చుని ఉన్నారు. సహచరుడు ఇక్బాల్ వచ్చి ఇంకెంతసేపని అడిగి వెళ్లాడు.

“పరుగు ఎప్పుడు మొదలైంది?” అని మంజీర యంత్రాన్ని అడిగింది.

“రికార్డుల్లో ఉన్న ప్రకటన సమయానికి ముందే.”

మంజీరకు ఏడుపొచ్చింది. ఆ ఒక్క ముక్క పట్టుకుని పైకి వెళ్లిపోయి ఉంటే సరిపోయేది. కానీ శాస్త్రవేత్త కదా, ఊరుకోలేకపోయింది. మొదట పరిగెత్తింది ఎవరని అడిగింది.

“ఒక పురుషుడు. కుడికాలు కాస్త ఈడుస్తాడు. భుజం మీద చిన్నబిడ్డ బరువు ఉంది. అవే అడుగులు రోజూ సాయంత్రం అనౌన్సరు గది ముందుకు వెళ్లి ఆగేవి.”

నాన్న. ఆ భుజం మీది బిడ్డ తనే. కిటికీ సీటు దొరక్కపోతే నువ్వు ఏడ్చి రైలంతా ఏకం చేసేదానివని, బతికున్నన్నాళ్లూ నవ్వుతూ చెప్పేవాడు.

మిగతా సాయంత్రాల పొరలు కూడా చదివించింది. రైలు ప్లాట్‌ఫారం మారిన ప్రతిసారీ ఆయన ప్రకటనకు ముందే కదిలాడు. మొదట్లో ఒక్కడే. కొన్నాళ్లకు వెనక ముగ్గురు నలుగురు. ఆఖరికి ప్లాట్‌ఫారమంతా మైకును వదిలేసి ఆయన్నే కనిపెట్టుకుని నిలబడేది. అనౌన్సరు మొగుడు లేచాడంటే రైలు అటు వస్తున్నట్టే. ఆ కబురు ముందుగా ఆయన చెవిన వేయగలిగింది లోకంలో ఒక్కరే.

మంజీరకు తల్లి మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ వెంటనే, ఇంట్లో ఒంటరిగా ఉన్న ఆ ముసలి ప్రాణం కళ్లముందు మెదిలి గుండె తరుక్కుపోయింది.

ఇక్బాల్ మళ్లీ వచ్చాడు. రిపోర్టు పైకి పంపమంటారా అన్నాడు. పది నిమిషాలు ఆగమని చెప్పి, అతను బయటికి వెళ్లాక తల్లికి ఫోన్ కలిపింది.

“అమ్మా, అంతా బయటపడ్డది. నాయిన ముందుగాల ఉరికిందీ, నువ్వు ఆయనకు చెప్పిందీ. ఇంకా ఎవ్వరికి తెల్వదు. వార్తలోళ్లు మీద పడకముందే ఇంటికి తాళమేసి చిన్నమ్మ తాన్కి పో.”

హిమజ ఎదురు ప్రశ్న వేసింది.

“పైన కూసున్నోళ్లకు చెప్పినవా?”

“లేదు.”

“మరి నాకెందుకు ముందుగాల చెప్తున్నవ్?”

“నువ్వు మా అమ్మవు గద.”

“ఆ దినం ఆడ నిలబడ్డది గూడ నా మొగడు, నా బిడ్డనే గదమ్మా,” అంది హిమజ.