గుత్తులుగా కాసిన కంచె

గున్వర్ కాఫీ కాచుకుని, గట్టి రొట్టె మీద జున్ను పెట్టుకుంటుండగా కూతురు మలీన్ బురద బూట్లతోనే వంటింట్లోకి వచ్చింది. ఆ ఇంట్లోనే కాదు, స్వీడన్‌లో ఏ ఇంట్లోనైనా బూట్లతో లోపలికి వచ్చారంటే కొంప మునిగినట్టే.

మలీన్ బల్ల మీద ఒక ముళ్ల కొమ్మ పడేసింది. ఎర్రాకులు. తిరగేస్తే అడుగున నారింజరంగు పొక్కులు, పిల్లలకు అమ్మవారు పోసినట్టు.

"మన పక్క తోర్‌స్టెన్ కంచెలోదమ్మా. నువ్వు పెంచి ఇచ్చిందే. గోధుమను తినేసే తుప్పు తెగులు! గాలి అటునుంచే నా గోధుమ చేలోకి కొడుతోంది."

"ఇది బార్బెర్రీ, తోటల్లో పెంచే ముళ్ల పొద. దీనికి తుప్పు రాదే పిచ్చిదానా. నలభై ఏళ్లు ముళ్ల మొక్కలు పెంచినదానికి నువ్వా చెప్పేది?"

"ఆకు అంచు చూడు, రంపప్పళ్లు. తోట రకానికి నున్నగా ఉంటుంది. ముల్లు చూడు, మూడు కొసలు. ఇది అడవి బార్బెర్రీ, ఎర్రాకుది. ఇవన్నీ నాకు నేర్పింది నువ్వే కదమ్మా!"

గున్వర్ కొమ్మను ముట్టుకోలేదు. బయట గాలి ఆగలేదు. నిరుడు పంట వానకు కుళ్లింది. ఈ ఏడు కూడా పోతే భూమి వదులుకోవాల్సిందేనని మలీన్ భయం.

"తోర్‌స్టెన్‌కి మాత్రం చెప్పకే," అంది గున్వర్ మెల్లగా.

మలీన్ తెల్లబోయింది. "అంటే... నీకు ముందే తెలుసా?"

"పోయిన సెప్టెంబరులో పళ్లు చూశాను. తోట రకానికి ఒక్కొక్కటిగా వేలాడాల్సినవి గుత్తులుగా వేలాడాయి. విత్తనాలు ఏరిన పొదనే తప్పుగా పోల్చాను. గున్వర్ చెప్పిందంటే తిరుగులేదంటారు ఊళ్లో. ఆ మాట పోతే నాకింకేం మిగులుతుందే?"

"నీ పేరు కోసం నా చేను బలిపెడతావా?"

గున్వర్ మొహం కప్పుకుని ఏడ్చింది. మలీన్‌కు కోపం తగ్గలేదు. కానీ అమ్మ ఇంత చిన్నగా ఎప్పుడైపోయిందో ఆమె గమనించనేలేదు.

"లే. ఆ కంచె ఇవాళే తవ్వేయాలి. నీకు చూపు ఆనలేదని చెబుదాం. డెబ్బై ఆరేళ్లు, ఎవరూ ఏమీ అనుకోరు."

తోర్‌స్టెన్ వాకిట్లోనే ఎదురయ్యాడు. "రా గున్వర్! నా కంచె చూశావా? పిల్లి కూడా దూరలేదు!"

"తోర్‌స్టెన్, అమ్మకి ఈమధ్య చూపు..." మలీన్ మొదలుపెట్టింది.

"నా చూపుకేం కాలేదు," అంది గున్వర్. "నీకు నేనిచ్చింది అడవి మొక్క. దాని తుప్పు మలీన్ చేలోకి పోతోంది. తెలిసే ఊరుకున్నాను, తోర్‌స్టెన్. ఎనిమిది నెలలు."

తోర్‌స్టెన్ కంచె వైపు చూశాడు, అవతలి పచ్చటి చేను వైపు చూశాడు. కొట్టంలోకి వెళ్లి మూడు పారలు తెచ్చాడు.

చేను బతుకుతుందో లేదో జూలైలోగానీ తెలియదు. మలీన్ తన చేతి తొడుగులు విప్పి, అమ్మ చేతులకు తనే తొడిగింది.